పాత యింటి ప్రాణము

కోటలకును దేవాలయములకును చరిత్ర కలదని యెల్లరు నంగీకరింతురు. రామగిరి దుర్గమును చూచి వచ్చినవారు దాని బురుజులను గూర్చి నాలుగు మాటలు చెప్పగలరు. కాని తాతలు కట్టిన యింటికిని చరిత్ర కలదన్నచో నమ్మువారు తక్కువ.

1960ల నుండి రామగుండము, గోదావరిఖని ప్రాంతమున బొగ్గుగనులు విస్తరించినవి. వరుసలు వరుసలుగా క్వార్టర్లు వెలసినవి. అంతకు ముందటి పల్లెలలో కలిగినవారి యిల్లు నడుమ ఆకాశమునకు తెరచిన వాకిలి, దాని చుట్టు నాలుగు వైపుల వసారాలు, మట్టిగోడలు, టేకు స్తంభములు, గూనపెంకుల కప్పు గలిగి యుండెడిది. కోస్తావారు దీనిని మండువా లోగిలి యందురు.

ఆ యింటిలో ప్రతి యంగమునకు నొక పని కలదు. నడిమి వాకిలి వెలుతురు నిచ్చును. వేడిగాలిని పైకి పంపును. నాలుగు చూరుల నీరు అందులో పడి తూము గుండ వెలికి పోవును. మట్టిగోడ తడిని పీల్చును, విడుచును. దానిపై సున్నపుపూత ఆ యూపిరిని ఆపదు.

ఈ సంగతి యెఱుగక నేడు మరమ్మతు పేరిట పెక్కుచోట్ల గోడలకు సిమెంటు పూయుచున్నారు. లోపలి తడి బయటికి రాలేక గోడ మొదలు పొట్లిపోవును. నడిమి వాకిలిపై స్లాబు వేసినచో గదులు చీకటియగును. పుచ్చిన స్తంభమును పూర్తిగ తీసివేయనక్కఱలేదు. పుచ్చినంతమేర కోసి, అదే జాతి కఱ్ఱను అతికిన చాలును. ఏటేట తొలకరికి ముందు పెంకులు తిరుగవేయుటయే ఆ యింటికి ఆయుర్దాయము.

గొప్ప భవనమునకైనను సూత్ర మిదియే. హైదరాబాదు కోఠిలోని రెసిడెన్సీ నిర్మాణము 1803లో ప్రారంభమైనది. అది బ్రిటిషు రెసిడెంటు జేమ్స్ అకిలీజ్ కర్క్‌పాట్రిక్ నివాసము. శిల్పి శామ్యూల్ రసెల్. 1949 నుండి అందు మహిళా కళాశాల నడచినది. జీర్ణించుచున్న యా భవనమును వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ 2002లో ప్రమాదస్థితిలోని కట్టడముల జాబితాలో చేర్చినది. దీర్ఘకాలపు మరమ్మతుల యనంతరము 2023 జనవరిలో అది మరల తెరువబడినది. సున్నపు పని సున్నముతోనే జరిగినది. కాని ఆ యావరణలోనే కర్క్‌పాట్రిక్ తన భార్య ఖైరున్నీసాకై కట్టించిన రంగమహలు 1860లో కూల్చివేయబడినది. నిలిచినదానిని బాగుచేయవచ్చును, కూలినదానిని తిరిగి తేలేము.

2017లో తెలంగాణ వారసత్వ చట్టము వచ్చినది. అయినను ప్రతి పల్లెయింటికి చట్టము కావలి కాయజాలదు. పైగా మన సీమలో ఓపెన్‌కాస్టు గనుల కొఱకు ఊళ్లకు ఊళ్లే తరలిపోవలసి వచ్చినది. ఊరే కదలినప్పుడు ఇల్లు నిలువదు. అట్టిచోట చేయదగిన దొకటి కలదు. ఇల్లు కూలకముందే గదుల కొలతలు తీసి, పటము గీసి, స్తంభముల చెక్కడమును, ద్వారబంధములను ఛాయాచిత్రములుగ భద్రపఱచుట. ఏ కఱ్ఱ యెచ్చటిదో, సున్నమెట్లు నూరిరో యెఱిగిన వృద్ధుల మాటలను వ్రాసికొనుట.

ఇందుకు వలయునది ధనము కాదు, ఒక కొలతబద్ద, ఒక నోటుపుస్తకము, కొంత ఓపిక. ఇరువదియైదేండ్లుగ పుస్తకములను కాపాడిన మన గ్రంథాలయము ఈ యిండ్ల పటములకును ఒక బీరువాలో చోటీయగలదు. పుస్తకము పోయిన మఱియొక ప్రతి దొరకవచ్చును; ఇంటికి రెండవ ప్రతి లేదు.