వేలిముద్ర, సంతకం

అమ్మమ్మ పెట్టెలో దొరికిన దస్తావేజు నకలు 1941 నాటిది. కోనసీమలో ఎకరం చిల్లర మాగాణి. అమ్మినావిడ అమ్మమ్మ తల్లి, మా తాతమ్మ. మగపిల్లలు లేని వితంతువు. ఆడపిల్ల పెళ్ళి ఖర్చుల నిమిత్తం అమ్ముతున్నట్టు రాయించారు. కింద ఆవిడ వేలిముద్ర, పక్కన ఇద్దరు దాయాదుల సంతకాలు. సాహిత్యం చదువుకున్నదాన్ని కదా, ఆ వాక్యాన్ని మొదట ఒక తల్లి మాటగానే చదివాను. అది చట్టం పలికించిన మాటని తర్వాత తెలిసింది.

అప్పట్లో భర్త ఆస్తి వితంతువుకి వచ్చినా అనుభవించడానికే. అమ్మాలంటే చట్టం ఒప్పుకునే అవసరం చూపించాలి. లేకపోతే ఆవిడ పోయాక భర్త తరఫు వారసులు అమ్మకం చెల్లదని దావా వెయ్యొచ్చు. అందుకే కొనేవాళ్ళకి దాయాదుల సంతకం కావాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవ నీళ్ళు పారాక డెల్టా భూమి బంగారమైంది. ఆ బంగారం మీద ఆడవాళ్ళకున్న హక్కు ఇంతే. 1881లో వీరేశలింగం రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించారని బళ్ళో చదువుకున్నాం. మళ్ళీ పెళ్ళాడితే మొదటి భర్త ఆస్తి మీద హక్కు పోతుందని 1856 పునర్వివాహ చట్టమే చెప్పిందని మాత్రం నాకెవరూ చెప్పలేదు.

1956 హిందూ వారసత్వ చట్టం, 14వ సెక్షనుతో ఆ పరిమిత హక్కుని సంపూర్ణ హక్కు చేసింది. అప్పటికి తాతమ్మ పొలం అమ్మి పదిహేనేళ్ళు.

ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి సమాన వాటా ఇచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ, 1985 సెప్టెంబరు 5కి ముందు పెళ్ళయినవాళ్ళని వదిలేసింది. అమ్మ పెళ్ళి 1984లో. 2005 కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. అప్పటికి తండ్రి బతికుండాలా అన్న సందేహం మిగిలింది. తాతయ్య 2003లోనే పోయారు. అక్కర్లేదని సుప్రీంకోర్టు 2020లో వినీతా శర్మ కేసులో తేల్చింది.

మరుసటేడు మావయ్యలు పొలం అమ్మబోతే, అక్కచెల్లెళ్ళ సంతకం లేనిదే కొనొద్దన్నాడు కొనేవాళ్ళ వకీలు. మావయ్యలు చీర పట్టుకుని ఇంటికొచ్చారు.

"నీ వాటా ఎంతో అడిగావా అమ్మా?" అన్నాను.

"అడిగాక పుట్టింటి గడప ఎలా తొక్కనే?" అంది.

1941లో మగవాళ్ళ సంతకం లేకపోతే తాతమ్మ అమ్మకానికి ముప్పు. 2021లో అమ్మ సంతకం లేకపోతే మగవాళ్ళ అమ్మకానికి ముప్పు. ఇది చిన్న మార్పేమీ కాదు. దీనికోసం ఎందరో ఆడవాళ్ళు కోర్టుల చుట్టూ తిరిగారు. కానీ అమ్మ హక్కు మా ఇంట్లో కొనేవాడి భయంగానే గుర్తింపు పొందింది, అమ్మ వాటాగా కాదు.

అమ్మకందార్లందరికీ సొమ్ము పూర్తిగా ముట్టిందని కొత్త దస్తావేజులో ఉంది. ఆ వాక్యం కూడా అమ్మది కాదు. దాని కింద సాక్షి సంతకం నాది.