పరాయి అచ్చుకూటంలో మన అక్షరాలు

మండపేటలో అచ్చుపని ఎప్పుడూ రైస్ మిల్లుల బిల్లు పుస్తకాలు, శుభలేఖలు, తీర్థాల కరపత్రాల మీదే నడిచింది. మా నాన్నగారు సీసం అక్షరాలు కూర్చేవారు. వాటిని ఒకసారి కొన్నాక అరిగేదాకా మావే. అమ్మిన ఫౌండ్రీ మూతపడ్డా కేసుల్లోని అక్షరాలు ఎక్కడికీ పోయేవి కావు.

నేను పనిలో కుదిరేసరికి కంప్యూటర్లు వచ్చేశాయి. పేజ్‌మేకరు, అను ఫాంట్లు: గోదావరి జిల్లాల్లో డీటీపీ అంటే ఈ రెండే. వేగం బాగా పెరిగింది, అది ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ ఫైళ్లలో ఉన్నది తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల గడుల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. ఆ ఫాంటు లేని మిషన్లో తెరిస్తే అంతా గజిబిజి. అన్ని భాషల అక్షరాలకూ ఒక్కో సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది, 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటూ వచ్చింది. మా పని మాత్రం పాత గడుల్లోనే ఉండిపోయింది, ఎందుకంటే పేజ్‌మేకరుకు యూనికోడ్ తెలుగు రాదు.

ఆ పేజ్‌మేకరు కథ కూడా చెప్పుకోవాలి. 1985లో ఆల్డస్ కంపెనీ తెచ్చింది. 1994లో ఆల్డస్‌ను అడోబ్ కొనేసింది. 2001లో 7.0 విడుదల చేసి, ఇక తన ఇన్‌డిజైన్ వాడుకోమని ఆపేసింది. మండపేటలో ఎవరినీ అడగలేదు, అడుగుతారనీ అనుకోలేదు. పాత ఫైళ్లు తెరవడానికని పాత కంప్యూటర్లను బాగు చేయించుకుంటూ నెట్టుకొచ్చాం.

ఇది మాబోటి ఆపరేటర్ల ఇబ్బందేనని చాలాకాలం అనుకున్నాను. కానీ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకూ ఇదే గతి. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ పని 2002 నుంచి, కోడ్‌లో మార్పుల చరిత్రను దాచే బిట్‌కీపర్ అనే ప్రైవేటు కంపెనీ సాధనం మీద సాగేది. 2005లో ఆ కంపెనీ ఉచిత వాడకం ఆపేసింది. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఆ ఏప్రిల్‌లోనే కూర్చుని దానికి బదులు గిట్ రాసుకున్నాడు. అంత చేవ అందరికీ ఉండదు. కోడ్ దాచుకునే సైటు గూగుల్ కోడ్‌లో 2006 నుంచి ఎందరో తమ ప్రాజెక్టులు పెట్టుకున్నారు. 2015 మార్చిలో మూసేస్తున్నామన్నారు, 2016 జనవరికి మూసేశారు. చాలామంది అలాంటిదే అయిన గిట్‌హబ్‌కు తరలిపోయారు. దాన్ని 2018లో మైక్రోసాఫ్ట్ 750 కోట్ల డాలర్లకు కొన్నది. 2019 జులైలో అమెరికా ఆంక్షల పేరుతో ఇరాన్, సిరియా, క్రిమియా వాడుకరుల ప్రైవేటు కోడ్‌కు గిట్‌హబ్ అడ్డం పడింది. వాళ్లు చేసిన తప్పు ఏమీ లేదు, ఆ ప్రాంతాల్లో ఉండటం తప్ప.

మనకేంటి అనుకోవడానికి లేదు. నేను ఇప్పుడు శుభలేఖలకు వాడే సూరన్న, రామభద్ర, ఎన్టీఆర్ ఫాంట్లు సిలికానాంధ్ర సంస్థ పుణ్యమా అని స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చాయి. గూగుల్ ఫాంట్స్ వాటిని పెట్టింది గిట్‌హబ్‌లోనే. గిట్ గొప్పతనం ఏమిటంటే, నకలు తీసుకున్న ప్రతివాడి దగ్గరా మొత్తం చరిత్ర ఉంటుంది. కోడ్‌కు అంత భయం లేదు. కానీ ఫలానా ఒత్తు సరిగా పడట్లేదని ఎవరో రాసిన ఫిర్యాదు, దానికి వచ్చిన జవాబు, ఆ చర్చంతా గిట్ నకలులో రాదు, కంపెనీ సర్వర్లోనే ఉంటుంది. పనివాడికి ఆ చర్చే పాఠం. అది పోతే తర్వాతివాడు మొదటినుంచీ తన్నుకోవాలి.

పరాయి చేతిలో పని పెట్టకూడదన్న పాఠం రాజమండ్రిలో ఎప్పుడో నేర్చుకున్నారు. కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని పెట్టినప్పుడు అచ్చు చెన్నపట్నంలో వేయించేవారు. దూరాన ఉన్న పరాయి అచ్చుకూటం మీద ఆధారపడి పత్రిక నడవదని, తర్వాత రాజమండ్రిలోనే సొంత అచ్చుకూటం ఏర్పాటు చేసుకున్నారు. పంతులుగారి రాతలకు ఎందరు శత్రువులో తెలిసినవాళ్లకు ఆ ఖర్చు ఎందుకు పెట్టుకున్నారో వేరే చెప్పక్కర్లేదు.

హైదరాబాదులో 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ ఆ దారిలోనే ఉంది. తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చిన ఆ కార్యకర్తలు ఇప్పుడు తమ కోడ్‌ను గిట్‌హబ్ లాంటిదే అయినా సొంతంగా నడుపుకునే గిట్‌ల్యాబ్ సర్వర్లో పెట్టుకుంటున్నారు. కోడూ, దాని మీది చర్చలూ రెండూ వాళ్ల చేతిలోనే. సర్వరుకు డబ్బు కావాలి, రాత్రిపూట ఆగితే లేచి చూసే మనిషి కావాలి. మన ఇంజనీరింగ్ కాలేజీలు ఒక్కొక్కటి ఒక్కో సర్వరు పెట్టుకుని, తెలుగు ఫాంట్ల, కీబోర్డుల కోడ్‌నూ వాటి చర్చలనూ నెలకోసారి నకలు తీసుకుంటే ఆ భారం పంచుకున్నట్టవుతుంది. యంత్రాలు అక్కడ ఎలాగూ ఉన్నాయి.