వాసనలేమి: మహమ్మారుల చరిత్రలో నమోదుకాని నష్టం

1918 ఇన్‌ఫ్లుయెంజా నాటికి సత్యవేడు మద్రాసు రాజధానిలోని చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. 1960 ఏప్రిల్ 1న రాష్ట్ర సరిహద్దుల సవరణతో చిత్తూరు జిల్లాలో చేరింది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఆ జిల్లాలోనే ఉంది; 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లాలో భాగమైంది. ఏ జిల్లా లెక్కల్లోనైనా మహమ్మారి చరిత్ర ప్రధానంగా మరణాల చరిత్రే. ప్రాణం దక్కినా వాసన కోల్పోయినవారి అనుభవం ఆ లెక్కలకు అందదు.

ఈ లోపం ప్రాచీనులకు తెలియనిది కాదు. గంధాన్ని, రుచిని గ్రహించలేని నాసారోగాన్ని సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం ‘అపీనసం’గా పేర్కొంది. ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో గంధాన్ని ఘ్రాణేంద్రియం చేత గ్రహింపబడే గుణంగా నిర్వచించాడు. ముక్కు చేసే పనిని మరో ఇంద్రియం చేయలేదన్నది ఇందులోని భావం. అయినా వాడుక తెలుగులో గుడ్డితనం, చెవుడు వంటి మాట ఈ లోపానికి స్థిరపడలేదు.

అపీనసంలో ముక్కు దిబ్బడ ఉంటుంది. కోవిడ్‌లో అది లేకుండానే చాలామందికి వాసన పోయింది. వైరస్ ప్రధానంగా ఘ్రాణనాడీకణాలకు కాక, వాటికి ఆసరాగా ఉండే కణాలకు సోకుతుందని 2020 నాటి పరిశోధనలు సూచించాయి. ఎక్కువమందికి వారాల్లోనే వాసన తిరిగివచ్చింది. కొందరికి ఏళ్లు గడిచినా రాలేదు. మరికొందరికి వికృతంగా వచ్చింది: కాఫీ, వేగిన ఉల్లిపాయ సైతం కుళ్లుకంపు కొట్టాయి.

కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 2020 జూన్ 13న వాసన కోల్పోవడాన్ని కోవిడ్ లక్షణాలలో చేర్చింది. అది రోగిని గుర్తించడానికి ఉపకరించింది. జ్వరం తగ్గాక మిగిలిన లోపానికి మాత్రం గుర్తింపు రాలేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం పేర్కొన్న 21 వైకల్యాలలో ఇది లేదు. ఈ లోపం పైకి కనిపించదు గనుక ఇంటివారికే నమ్మశక్యంగా ఉండదు. ప్రమాదం మాత్రం నిజమైనది. వంటగ్యాసు లీకైతే తెలియడానికే అందులో ఘాటైన వాసనద్రవ్యం కలుపుతారు. ఆ హెచ్చరిక వీరికి చేరదు.

జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హుమ్మెల్ బృందం 2009లో ఒక సాధనను ప్రతిపాదించింది: గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం వాసనలను రోజుకు రెండుసార్లు, 12 వారాల పాటు పీల్చడం. దీనివల్ల కొందరిలో మెరుగుదల కనిపించింది. సత్యవేడు వంటి ఊళ్లలోనూ సులభంగా దొరికే వస్తువులివి. అయితే సాధనకు ముందు లోపాన్ని గుర్తించాలి, గుర్తించడానికి పేరుండాలి. ‘నిద్రలేమి’ వలె ‘వాసనలేమి’ అన్న మాట వైద్యుని చీటీలోనూ ఇంటి మాటల్లోనూ స్థిరపడితే, ఆ నష్టం చరిత్రలోనూ నమోదు కాగలదు.