బురుజు, నగారా, వడిసెల

పదాతి సైన్యంలో మోర్టారు ప్లటూను అనే చిన్న విభాగం ఒకటి ఉన్నది. నున్నని ఉక్కు గొట్టం, అడుగున నేలకు ఆనుకొనే పళ్ళెం, ముందు రెండు కాళ్ళు - పరికరం ఇంతే. మూతిలో నుండి గుండును జారవిడిస్తే అది ఆకాశానికి ఎగసి, గోడనో గుట్టనో దాటి ఆవల పడుతుంది. విశేషమేమంటే, గుండు విడిచేవారికి శత్రువు కనబడడు. ముందెక్కడో ఉండి చూచేవాడు ఒకడు. అతడు చెప్పిన దిక్కును, దూరాన్ని లెక్కకట్టేవాడు వేరొకడు. ఆ లెక్కను బట్టి పేల్చేవారు మరికొందరు. వీరినందరినీ కలిపేది సంకేతం. అది తెగినదా, ఎంతటి ఆయుధమైనా గుడ్డిదే.

ఏ సైనిక పాఠశాలా ఎరుగని రైతులు ఈ సూత్రాన్నే జనగామ తాలూకాలో ఆచరణలో పెట్టిన కథ శ్రోతలకు మనవి చేస్తాను.

నిజాం రాజ్యంలో వెట్టిచాకిరి, భూముల నుండి బేదఖళ్ళు, ధాన్యపు లెవీ రైతును కుంగదీసిన కాలమది. ఆంధ్ర మహాసభ పల్లెల నోట ‘సంగం’ అయినది. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపుపై దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరుపగా దొడ్డి కొమరయ్య నేలకొరిగినాడు. అంతవరకు కర్రలు పట్టిన వాలంటీర్లే క్రమంగా దళాలుగా ఏర్పడినారు. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్‌లు సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు.

ఈ దళాలు రెండు విధాలు. గ్రామ దళంలోని వాడు పగలు అరక దున్ని, రాత్రి ఊరికి కాపలా కాసేవాడు. గెరిల్లా దళంలోని వాడు ఇల్లు విడిచి, పదిమందికి అటుఇటుగా ఉండే జట్టులో, ఒక నాయకుని మాటపై ఊరూరా తిరిగేవాడు. మొదటి రకంవారు పదివేలమంది, రెండవ రకంవారు రెండువేలమంది ఉండేవారని పుచ్చలపల్లి సుందరయ్య తమ గ్రంథంలో వ్రాశారు. చేతిలో ఉన్నవి మాత్రం భర్మారు తుపాకులు, బరిసెలు, వడిసెలలు, కారంపొడి.

నాడు జనగామ తాలూకాలోను, నేడు సిద్దిపేట జిల్లాలోను ఉన్న భైరాన్‌పల్లిలో పాత బురుజు ఒకటి ఉన్నది. ఊరివారు దానినే తమ కంటిగా చేసుకొన్నారు. పైన కాపలావాడు దూరాన రజాకార్లను చూడగానే నగారా మ్రోగేది. ఆ మ్రోతతో భర్మార్లవారు బురుజుపైకి, వడిసెలలవారు తమ తమ చోట్లకు చేరుకొనేవారు. చూచేవాడు, చెప్పేది, కొట్టేవాడు - మూడూ ఒక్క త్రాటిపై నడిచినవి. దండెత్తి వచ్చిన రజాకార్లు ఒకసారి కాదు, పలుమార్లు వెనుదిరిగిపోయినారు. రైఫిళ్ళు పట్టినవారిని రాళ్ళు నిలువరించినవంటే, అది రాళ్ళ గొప్ప కాదు, ఆ పొందికది.

కాని 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున నిజాం బలగాలు, రజాకార్లు ఫిరంగులతో వచ్చి పడ్డారు. బురుజు చూడగలదు, చెప్పగలదు, కదలలేదు. దూరాన నిలిచి పేల్చే ఫిరంగికి వడిసెల రాయి అందదు. బురుజు దెబ్బతినగానే ఊరి కన్ను మూతపడినది. చిక్కినవారిని వరుసగా నిలబెట్టి కాల్చివేశారు. ఆ ఒక్కనాడు దాదాపు నూరుమంది ప్రాణాలు పోయినవి. పొరుగున ఉన్న కూటిగల్లులో కూడ ఆనాడే నెత్తురు పారినది. మూడు వారాలకు, సెప్టెంబరు 17న, నిజాం లొంగిపోయినాడు. భైరాన్‌పల్లికి ఆ మూడు వారాలే కరువైనవి.

పోరాటం అంతటితో ఆగలేదు. భారత సైన్యం ఎదుట నిలువలేక దళాలు మైదానాన్ని విడిచి మానుకోట, ములుగు ప్రాంతాల అడవులకు, గోదావరి తీరానికి తరలినవి. అక్కడ బురుజు లేదు. చెట్టే మాటు, నడకే రక్షణ. 1951 అక్టోబరు 21న పోరాట విరమణ ప్రకటన వెలువడేవరకు అదే తీరు. ఆ విరమణ ముందే రావలసినదా, పోరాటం అంతకాలం సాగవలసినదేనా అన్న వాదం వేరు.

భైరాన్‌పల్లి బురుజు నేటికీ నిలిచి ఉన్నది. చెంతనే అమరుల స్తూపం ఉన్నది. ఆ దారిన వెళ్ళేవారు ఒక్క క్షణం నిలిచి పైకి చూడవలెను. అక్కడ నిలిచి నగారా మ్రోగించినవాడు సిపాయి కాడు, జీతగాడు కాడు. ఊరు నిదురించగా మేలుకొని ఉన్న రైతు.