పతకాల లెక్కలో రాని పిల్లలు

ఒలింపిక్స్ వచ్చిన ప్రతిసారీ మన ఇళ్ళల్లో ఒకే మాట వినిపిస్తుంది. అంతంతమాత్రం దేశాలు కూడా పిల్లల్ని ఎంత బాగా తయారుచేస్తున్నాయో, మన ప్రభుత్వం ఏం చేస్తోందని. నేనూ చాలాసార్లు అన్నాను. తూర్పు జర్మనీ ఈత క్రీడాకారిణుల చరిత్ర చదివాక ఆ మాట నోటికి రావడం లేదు.

1972 మ్యూనిచ్ ఒలింపిక్స్‌లో ఆ దేశపు అమ్మాయిలకి ఈతలో ఒక్క బంగారు పతకమూ రాలేదు. 1976 మాంట్రియల్‌లో 13 పోటీల్లో 11 బంగారు పతకాలు వాళ్ళవే. దేశ జనాభా రెండు కోట్లు కూడా లేదు.

బడిపిల్లల ఎత్తూ బరువూ కొలిచి, పనికొస్తారనుకున్న వాళ్ళని హాస్టళ్ళున్న క్రీడా పాఠశాలల్లో చేర్చేవారు. చదువు, తిండి, కోచ్, డాక్టరు అన్నీ ప్రభుత్వానివే. మామూలు కార్మికుడి కూతురికి అదెంత పెద్ద అవకాశమో కాదనలేం. కానీ 1974లో పాలక పార్టీ రహస్యంగా ఇంకో పథకాన్ని ఆమోదించింది. దాని పేరు 14.25. దాని కింద ఓరల్ ట్యూరినబాల్ అనే హార్మోన్ మాత్రల్ని విటమిన్లని చెప్పి పిల్లల చేత మింగించారు. తల్లిదండ్రులకి చెప్పలేదు. ఆ మందు ఆడపిల్లల శరీరాల మీద ఎక్కువ పనిచేస్తుందని డాక్టర్లకి తెలుసు. అందుకే వాళ్ళ మీదే ఎక్కువ ఆశ పెట్టుకున్నారు.

గొంతులు మారాయి. నెలసరులు తప్పాయి. కాలేయాలు దెబ్బతిన్నాయి. 1980 మాస్కోలో మూడు బంగారు పతకాలు గెలిచినప్పుడు రికా రైనిష్ వయసు 15. తర్వాత కొద్దికాలానికే అండాశయాల జబ్బుతో ఆమె ఈత మానేయాల్సి వచ్చింది.

బెర్లిన్ గోడ కూలాక ఈ కాగితాల్ని బయటపెట్టింది మాజీ డిస్కస్ క్రీడాకారిణి బ్రిగిట్టె బెరెండాంక్, ఆమె భర్త, శాస్త్రవేత్త వెర్నర్ ఫ్రాంకె. ఆమె పుస్తకం 1991లో వచ్చింది. 2000లో క్రీడాధిపతి మాన్‌ఫ్రెడ్ ఎవాల్డ్‌కి బెర్లిన్ కోర్టు 22 నెలల శిక్ష వేసింది. అదీ జైలుకి వెళ్ళనక్కర్లేని శిక్ష.

మాంట్రియల్ పతకాల్ని ఎవరూ వెనక్కి తీసుకోలేదు. వాటిని గెలిచిన అమ్మాయిల్ని నేను తప్పుపట్టలేను. వాళ్ళు నిజంగానే తెల్లవారుజాము నుంచీ ఈదారు. అయితే ఇప్పుడు ఏ దేశమైనా తన క్రీడా పాఠశాల గురించి గొప్పగా చెప్పుకుంటే నాకు కొన్ని ప్రశ్నలు వస్తాయి. ఆ హాస్టల్లోకి తల్లిని రానిస్తారా? చేతిలో పెట్టిన మాత్ర ఏమిటో ఆ పిల్లకి తెలుసా? నాకొద్దు అంటే ఆ పిల్లకి రేపు అక్కడ చోటు ఉంటుందా?