బద్ధశత్రువుల ప్రేమకథ – ‘టుడే టునైట్ టుమారో’

హైస్కూలు చదివే పిల్లలున్న మన ఇళ్ళలో తరచు వినపడే ప్రశ్న ఒకటుంది: “ఈసారి క్లాసులో ఫస్టు ఎవరు?” ఆ ప్రశ్న చుట్టూ అల్లిన ప్రేమకథే రేచల్ లిన్ సాలమన్ రాసిన ఆంగ్ల నవల ‘టుడే టునైట్ టుమారో’. టీనేజి పాఠకుల కోసం రాసిన ఈ నవల 2020లో వెలువడింది. పెద్దవాళ్ళు కూడా చదవదగ్గదని నాకనిపించి ఇక్కడ పరిచయం చేస్తున్నాను.

కొట్టుకున్నవాళ్ళే చివరికి ప్రేమించుకోవడం సాహిత్యానికి కొత్తేమీ కాదు. షేక్‌స్పియర్ నాటకం ‘మచ్ అడో అబౌట్ నథింగ్’లో బియాట్రిస్, బెనెడిక్‌లు మాటలతోనే కత్తులు దూసుకుంటారు. 1813లో వచ్చిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ సంగతి సరేసరి. మనకి యద్దనపూడి సులోచనారాణిగారి ‘సెక్రటరీ’ ఉండనే ఉంది. అది 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమాగా కూడా వచ్చింది. ఆ కథల్లో అడ్డుగోడ అహమో, అంతస్తో. సాలమన్ నవలలో అడ్డుగోడ మార్కులు.

కథ ఏమిటంటే

సియాటిల్‌లోని వెస్ట్‌వ్యూ హైస్కూల్లో రోవన్ రోత్, నీల్ మెక్‌నైర్‌లు నాలుగేళ్ళుగా ప్రతిదాంట్లోనూ పోటీదారులు. చివరి రోజున వాలెడిక్టోరియన్‌గా నీల్ పేరు ప్రకటిస్తారు. రోవన్‌కి అతన్ని ఓడించే అవకాశం ఇంకొక్కటే మిగులుతుంది. అది ‘హౌల్’ అనే ఆట. ఊరంతా తిరిగి ఆధారాలు వెతకాలి, వెంటాడే తోటి విద్యార్థులకి చిక్కకూడదు. తామిద్దరినీ ఆట నుంచి తప్పించాలని కొందరు జట్టు కట్టారని తెలిసి, రోవన్ నీల్‌తోనే చేతులు కలుపుతుంది. చివర్లో అతన్ని ఓడించవచ్చుననేది ఆమె లెక్క. కథంతా దాదాపు ఒక్క రోజులో జరిగిపోతుంది. సియాటిల్ ప్రాంతంలో ఉన్నవారికి తెలిసిన చోట్లు చాలానే తగులుతాయి.

నన్ను ఆకట్టుకున్నది

రోవన్‌కి రొమాన్సు నవలలంటే ప్రాణం, అవి రాయాలని కోరిక. నవ్వుతారని ఆ కోరిక దాచుకుంటుంది. నీల్ తండ్రి జైల్లో ఉన్నాడు. ఆ సంగతి బయటపడుతుందని అతను ఎవరితోనూ చనువుగా ఉండడు. ఇద్దరూ యూదులే, ఆ కారణంగా తోటివారి మాటలు ఇద్దరూ పడ్డారు. ఒకే తరగతి గదుల్లో నాలుగేళ్ళు గడిపినా వీటిలో ఏదీ ఒకరికొకరు చెప్పుకోలేదు. ఎదుటివారి మార్కులు మాత్రం కంఠతా వచ్చు!

పోటీ చెడ్డదని రచయిత్రి ఎక్కడా పాఠం చెప్పదు. నిజానికి నీల్ లేకపోతే రోవన్ అంత కష్టపడేది కాదు. తన శ్రమ విలువ బాగా తెలిసినవాడు కూడా అతనే. కాని ర్యాంకుల లెక్క ముగిసిపోయాక గాని ఇద్దరూ మనసు విప్పి మాట్లాడుకోలేదు. అప్పటికి కాలేజీకి ఆమె బోస్టన్‌కి, అతను న్యూయార్క్‌కి వెళ్ళిపోయే సమయం దగ్గరపడింది. ఆ తర్వాతి కథ 2024లో ‘పాస్ట్ ప్రెజెంట్ ఫ్యూచర్’ పేరుతో వచ్చింది.

తల్లిదండ్రులకి ఒక మాట

నవలలో శారీరక సాన్నిహిత్యం ఉంది. కాబట్టి హైస్కూలు పై తరగతుల పిల్లలకే తగినది. ముందు మీరు చదివి, తర్వాత వాళ్ళకివ్వండి. ప్రేమ గురించి ఇంట్లో ఎలా మాట మొదలుపెట్టాలో తెలియక మనలో చాలామంది అసలు మొదలే పెట్టం. ఆ పనికి ఇలాంటి పుస్తకం సాయపడుతుంది. మీ అమ్మాయికో అబ్బాయికో క్లాసులో గట్టి పోటీగా ఉన్నవారి పేరు మీకు తెలిసే ఉంటుంది. వాళ్ళకి ఏమంటే ఇష్టమో, ఇంట్లో ఎవరెవరున్నారో ఈసారి అడిగి చూడండి.