హింగ్వష్టకమున "అష్టమ" శబ్దము

1970 వఱకు గుంటూరుమండలమునను, అటుపిమ్మటఁ బ్రకాశమునను జేరిన చీమకుర్తిలో, అన్నము సహింపనివారికి మొదటిముద్దలో నేయి, శొంఠి, వాము కలిపి పెట్టుట పెద్దలనాఁటి యాచారము. మా యింటను నిది కలదు. దీనికి మూలము వెదకఁబోయిన నాకు వైద్యముకంటె ముందు వ్యాకరణ మడ్డుపడినది.

క్రీ.శ. 7 వ శతాబ్ది ప్రాంతమువాఁడగు వాగ్భటుఁడు అష్టాంగహృదయ చికిత్సాస్థానమున 14 వ యధ్యాయమునందు, గుల్మచికిత్సలో, హింగ్వష్టకచూర్ణమును విధించెను. శొంఠి, పిప్పలి, మిరియములు, అజమోద, సైంధవలవణము, రెండువిధముల జీలకఱ్ఱ: ఇవి యేడు. ఎనిమిదవది యింగువ. నేతితోఁ దొలికబళమున భుజింపవలయును.

చిక్కెల్ల నింగువ పరిమాణమున నున్నది. ఆచార్యుఁడు "అష్టమ" శబ్దమును "భాగ" శబ్దముతోఁ జేర్చి వాడెను. ఇంగువ తక్కినవానితో సమమైన యెనిమిదవ పాలని కొందఱు. ఒక్కొక్క ద్రవ్యములో నెనిమిదవవంతే యని కొందఱు. ఉదరమున కీభేదము చిన్నది కాదు.

పాణినిమతమున పూరణార్థమందు మడాగమముచే (5-2-49) "అష్టమ" రూపము సిద్ధించును. భాగార్థమందు (5-3-50) ఞప్రత్యయముచే "ఆష్టమ" మనియు, అన్ప్రత్యయముచే మరల "అష్టమ" మనియు నగును. కావున రూపమాత్రమున నిర్ణయము లేదు. భాగార్థమే వివక్షితమైనచో భాగశబ్దము వేఱుగా నేల యనవచ్చును గాని, ఆ యాక్షేపము బలమైనది కాదు. లోకమున అష్టమభాగ మన్నంతనే యెనిమిదవవంతు తోఁచును. నన్నొప్పించినది వేఱొకటి. ఆచార్యుఁడు సమముగాఁ దూఁచిన ద్రవ్యములను షష్ఠీబహువచనమునఁ జెప్పి, వానిలో నెనిమిదవది యింగువ యనెను. ఇది నిర్ధారణషష్ఠి (2-3-41). నిర్ధారణమున వేఱుపఱుపఁబడునదియు నాసముదాయములోనిదే గదా! సమత్వ మింగువకును జెల్లును. 1978 లో భారతప్రభుత్వము ప్రకటించిన ఆయుర్వేదయోగముల సంగ్రహమునందును ఎనిమిదింటికి సమభాగములే.

మఱి తగ్గించుట యెట్లు పుట్టెను? వెలయే కారణమని నాయూహ. ఇంగువను అమరుఁడు బాహ్లీక మనెను. పరదేశమునుండి వచ్చినదని పేరే చెప్పుచున్నది. హిమాచలప్రదేశమందలి లాహుల్ లోయలో దీని సాగునకుఁ బ్రయత్నము 2020 లోఁగాని మొదలు కాలేదు.

అజమోదను, యవానికను అమరుఁ డొక్కచోటనే పర్యాయములుగాఁ బఠించెను. మనయిండ్ల మొదటిముద్దలో అజమోదకు మాఱుగా వాము నిలుచుట కిదియే యాధారము కావచ్చును.

ఇఁక మిరప. ఆ పంటకుఁ బేరువడిన సీమ యిది. అయినను త్రికటువులలో దానికిఁ జోటు లేదు. అది 16 వ శతాబ్దిలోఁ బోర్చుగీసువారి వెంట అమెరికాఖండమునుండి వచ్చి, పేరును మిరియమునుండి తెచ్చుకొన్నది. మిరపకారమువలనఁ బుట్టిన కడుపుమంటకు మా వీధి వృద్ధు లీచూర్ణ మీయరు. ఉష్ణద్రవ్యములగుటచే మంట హెచ్చునని, పలుచని మజ్జిగ యిచ్చి యూరకుందురు.